పాప జలుబు తగ్గించిందెవరు? ఒక ట్రిబ్యునల్ కావాలి

నదీజలాల పంపకానికి ఈ దేశంలో ట్రిబ్యునళ్ళు ఉన్నాయి. ముక్కునీళ్ళ విషయంలో మాత్రం న్యాయం చెప్పే నాథుడు లేడు. విశాఖపట్నంలో ఏ ఇంట్లో చంటిపిల్లకి రొంప తగ్గినా, తగ్గించిన ఘనత తమదంటే తమదని కనీసం నలుగురు ముందుకొస్తారు. మాట పట్టింపులొస్తాయి. వియ్యాలవారి మధ్య ఫోన్లు ఆగిపోతాయి. అందుచేత ప్రభుత్వం తక్షణం ఒక ‘శిశు జలుబు ఘనత పంపిణీ ట్రిబ్యునల్’ వేయాలనీ, దాని ప్రధాన కార్యాలయం మన ఊళ్ళోనే పెట్టాలనీ కోరుతున్నాను. డాల్ఫిన్స్ నోస్ అంటూ ఒక కొండనే ముక్కుగా సముద్రంలోకి చాపి కూర్చున్న నగరానికి మించిన అర్హత ఎవరికుంది?

కేసు పూర్వాపరాలు మనవి చేస్తాను.

మొదటి వాది మామ్మగారు. ఆవిడ వాము వేయించి గుడ్డలో మూట కట్టారు. తమలపాకుకి ఆముదం రాసి, దీపం సెగ చూపించి, పిల్ల ఛాతీ మీద వేశారు. వస అరగదీసి నాలిక్కి రాశారు. స్నానం అవగానే సాంబ్రాణి పట్టారు. సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. ఇన్ని చేశాక తగ్గిందంటే వీటిలో ఏదో ఒకటి పనిచేసినట్టే కదా, అది ఏదో తేల్చాల్సిన పని తనది కాదని ఆవిడ వాదన. దిష్టికి నేను అడ్డు చెప్పను. తమలపాకు మరీ వేడిగా లేకపోతే దానికీ చెప్పను. పిల్లకి నష్టం లేదు, మామ్మగారికి బోలెడు నిమ్మళం. కానీ సాంబ్రాణి పొగ దేవుడి గదిలోంచి వచ్చినా పొగే, దగ్గే పిల్లని ఇంకాస్త దగ్గిస్తుంది. కొబ్బరినూనెలో కరిగించి రాసే కర్పూరం పసిపిల్లలకి ఫిట్స్ తెప్పించగలదు. ముక్కులో వేసే నూనె చుక్కలు ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే కాపురం పెట్టగలవు.

తేనె సంగతి వేరే చెప్పాలి. గిరిజనుల దగ్గర అడవి తేనె కొని అమ్మే గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది కాబట్టి మన్యం తేనె మనకి ఇంటి సరుకు. ఏడాది దాటిన పిల్లకి రాత్రి దగ్గుకి అరచెంచా తేనె మంచిదే. ఏడాది లోపు మాత్రం ఎంత స్వచ్ఛమైనదైనా చుక్క కూడా కూడదు. తేనెలో ఉండే అవకాశమున్న ఒక రకం బాక్టీరియా బీజాలు పసి పేగుల్లో మొలకెత్తి బొటులిజం అనే జబ్బు తెస్తాయి, కండరాలు చచ్చుబడిపోతాయి. ఈ ముక్క చెప్పిన కోడలికి వెంటనే జవాబు వస్తుంది: “మీ ఆయనకి పుట్టిన రోజే నాకించాం, ఏటైందమ్మా?” కోడలు ఆయన వైపు ఒకసారి చూస్తుంది. ఏమీ అనదు.

రెండో వాది వీధి చివర మందుల షాపు. “పొడిదగ్గా, కఫమా?” అని ఒక్క ప్రశ్న వేసి, జవాబు పూర్తయ్యేలోగా ఎర్రరంగు సీసా బల్లమీద పెట్టే చేతివాటం వీళ్ళది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే అచ్చువేయాలని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులోనే ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిన దగ్గుమందు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ మరణాలు బయటపడుతున్నప్పుడే, అక్టోబరులో, రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు అసలు రాయొద్దని, అయిదేళ్ళ లోపు వారికి కూడా సాధారణంగా అక్కర్లేదని కేంద్రం రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అయినా “కాస్త గట్టిది ఇవ్వండి” అని అడిగేది మనమే కాబట్టి షాపు ఒక్కదాన్నే బోనెక్కించడం ధర్మం కాదు.

మూడో వాది అపార్ట్‌మెంటు అయిదో అంతస్తు ఆంటీగారు. ఆవిడ దగ్గర మందుని మంచుతుంపరలా చేసి పీల్పించే నెబ్యులైజర్ ఉంది. వాళ్ళ మనవడికి పిల్లికూతలొస్తే డాక్టర్ రాసిన యంత్రం అది. ఇప్పుడు ఏ ఫ్లాటులో తుమ్ము వినిపించినా లిఫ్టులో దిగి వస్తుంది. ఉత్త జలుబుకి దాంతో పనిలేదు. ఆ మాట ఆవిడకి చెప్పే ధైర్యం అసోసియేషన్ ప్రెసిడెంటుకి కూడా లేదు.

నాలుగో వాది పెదనాన్నగారు. ఆయన వైద్యం చేయరు, కారణాలు చెబుతారు. తల్లి పెరుగు తింది. తల్లి తలారా స్నానం చేసింది. తల్లి సాయంత్రం పూట పిల్లనెత్తుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళింది, ఆ గాలి పడలేదు. తల్లి జామకాయ తిందని కూడా ఒక సాక్ష్యం ఉంది. ఈ కేసులో విచిత్రం ఏమిటంటే వాదులు నలుగురు, ముద్దాయి ఒక్కతే. రాత్రంతా పిల్లని భుజాన వేసుకుని తిరిగేదీ ఆవిడే. అసలు సంగతి రికార్డుల్లోకి ఎక్కలేదు గానీ, ఈ పెదనాన్నగారే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ దిగి, ముక్కు ఎగబీలుస్తూ వచ్చి, చేతులైనా కడుక్కోకుండా పిల్లని బుగ్గలమీద ముద్దాడారు. జలుబు వైరస్‌లు పెరుగు గిన్నెలోంచి రావు. మనుషుల చేతుల మీద, ముద్దుల్లో, తుమ్ముల్లో వస్తాయి. అవి 200 రకాలకు పైనే ఉన్నాయి, పిల్ల ఒక్కోదాన్నీ కొత్తగా పరిచయం చేసుకోవాలి. అందుకే చంటిపిల్లకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలు. ఒక్కోటీ రెండు వారాలు సాగిందనుకుంటే ఏడాదిలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ముక్కు కారుతూనే ఉంటుంది. ఇంట్లో ప్లేస్కూలుకి వెళ్ళే అన్నయ్య ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది.

వాదులకు ఇక్కడ ఒక ఉచిత సలహా. పిల్లల దగ్గు సగం మందికి 10 రోజుల్లో తగ్గుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి తగ్గేసరికి 25 రోజులు పడుతుంది. కాబట్టి మొదటి వారంలో వైద్యం మొదలుపెట్టే వాళ్ళు అమాయకులు, వాళ్ళకి అపకీర్తి తప్పదు. తెలివైన వైద్యుడు ఇరవయ్యో రోజున రంగప్రవేశం చేస్తాడు. ఏం ఇచ్చినా ఫరవాలేదు. శొంఠి కావచ్చు, చక్కెర మాత్రలు కావచ్చు, సింహాచలం చందనం కావచ్చు. మూడో నాటికి దగ్గు తగ్గుతుంది, పేరు జీవితాంతం ఉంటుంది. యాంటీబయాటిక్ ప్రతిష్ఠ కూడా చాలావరకు ఇలా వచ్చిందే. వైరస్ మీద అది పనిచేయదు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన దాని అవసరం రాదు.

ఇంతకీ ఓపిక లేని ఊరా అంటే కాదు. 2019లో ప్రకటించిన రైల్వే జోన్‌కి ప్రధాన కార్యాలయం శంకుస్థాపన 2025 జనవరిలో జరిగేదాకా ఆగిన ఊరు. మెట్రో రైలు కోసం ఇంకా ఎదురుచూస్తున్న ఊరు. అలాంటి వాళ్ళం దగ్గుకి మూడు వారాలు గడువివ్వలేం. నమ్మకం సంగతీ అంతే. ఎదురుగా బంగాళాఖాతం నిండా ఉప్పునీళ్ళు పెట్టుకుని, ముక్కులో రెండు చుక్కల ఉప్పునీటి మందు వేయమంటే నవ్వుతాం. చవకది కదా, ఏం పనిచేస్తుంది! (బీచ్‌కి బిందె పట్టుకెళ్ళకండి, షాపులో దొరికే సెలైన్ చుక్కల సంగతి చెబుతున్నాను.) తొలి నెలల్లో పిల్లలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ముక్కు మూసుకుపోతే పాలు తాగలేక ఏడుస్తారు. పాలిచ్చే ముందు ఆ చుక్కలు వేసి తుడిస్తే, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పడితే, సగం గోల తీరుతుంది. ఇక ఊళ్ళో దుమ్ము. పాతనగరంలో పొద్దున తుడిచిన గుమ్మం సాయంత్రానికి నల్లబడుతుంది. దాన్ని ప్రతివాదిగా చేర్చమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, జామకాయని మాత్రం చేర్చారు.

ట్రిబ్యునల్ పరిధిలోకి రానివి కొన్ని ఉన్నాయి, అవి నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి. పిల్ల ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పిల్లకి 60, ఏడాది లోపు 50, ఆపైన అయిదేళ్ళ లోపు 40, అంతకి చేరితే ఆగొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు మానేసినా, మగతగా ఉన్నా, మూడు నెలల లోపు పిల్లకి 100.4 జ్వరం తగిలినా వాము మూట పక్కన పెట్టి బయల్దేరండి. అర్ధరాత్రి అయితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. మూడు వారాలు దాటిన దగ్గునీ, బరువు తగ్గుతున్న పిల్లనీ కూడా చూపించాలి. ఇందులో ఘనత ఎవరిదన్న వాదన తరవాత పెట్టుకోవచ్చు.

నియమావళి ముసాయిదా నా దగ్గర సిద్ధంగా ఉంది. వాదులందరూ సబ్బుతో చేతులు కడుక్కుని హాజరు కావాలి. రొంప ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో వాదించుకోవాలి. పిల్లని ముద్దాడినట్టు రుజువైతే పిటిషన్ కొట్టివేత. తల్లికి వాయిదాల రోజున నిద్రపోయే హక్కు. ఇంటింటా ఏడాదికి ఎనిమిది పిటిషన్లంటే జాప్యం తప్పదు. మొదటి జలుబు మీద తీర్పు వచ్చేసరికి పాపకి సంబంధాలు చూస్తూ ఉంటారు. అప్పీలుకి గడువు 90 రోజులు.