పావరొట్టిని విన్నవారికి జరిగిన అన్యాయం

1988 ఫిబ్రవరి 24 రాత్రి బెర్లిన్‌లోని డాయిచె ఓపర్ రంగశాలలో నిండు సభ చేత గంటా ఏడు నిమిషాల పాటు వెట్టిచాకిరి చేయించారు. దశాబ్దాలు గడిచినా దీని మీద ఏ కార్మిక సంఘమూ నోరు విప్పలేదు. కనుక ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ఆ రాత్రి అక్కడ దొనిజెట్టి స్వరపరిచిన ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, 'లెలిజిర్ దమోరె' ఆడారు. ఆ పేరును 'ప్రేమ కషాయం' అని చెప్పుకోవచ్చు. నెమొరీనో అనే అమాయకపు పల్లెటూరి కుర్రవాడి వేషంలో యాభై రెండేళ్ల ఇటలీ గాయకుడు లుచానో పావరొట్టి పాడారు. జనం చెవులు నిక్కించి ఎదురుచూసే 'ఉన ఫుర్తీవ లాగ్రిమ' పాట అయిదు నిమిషాల వ్యవహారం. ఆట ముగిశాక చప్పట్లు మాత్రం అరవై ఏడు నిమిషాలు సాగాయి. ఆయన 165 సార్లు తెర ముందుకు వచ్చి నమస్కరించారట. గిన్నిస్ పుస్తకం ఈ ఘనతను ఎవరి ఖాతాలో వేసింది? పావరొట్టి ఖాతాలో! అరచేతులు వాచినవారిలో ఒక్కరి పేరైనా అందులో లేదు.

లెక్క వేసి చూడండి. అరవై ఏడు నిమిషాలంటే 4,020 సెకన్లు. 165తో భాగిస్తే సుమారు ఇరవై నాలుగు సెకన్లకు ఒక నమస్కారం. అంతటి భారీ విగ్రహం ఇరవై నాలుగు సెకన్లలో తెర చాటు నుంచి వచ్చి, చేతులు బారచాపి, తల వంచి, మళ్లీ చాటుకు వెళ్లడం తేలికైన పని అని నేను అనను. కానీ ఆయనకు పారితోషికం ముట్టింది. ఎదురుగా ఉన్నవారు టికెట్టు కొనుక్కుని మరీ కష్టపడ్డారు. పందొమ్మిదో శతాబ్దపు పారిస్ ఒపెరా ఈ విషయంలో ఎంతో నాగరికంగా ఉండేది. అక్కడ చప్పట్లు కొట్టడానికి 'క్లాక్' అనే కూలి ముఠా ఉండేది. ఒగుస్త్ లెవసర్ అనే పెద్దమనిషి దానికి మేస్త్రీ. ఎక్కడ కొట్టాలో, ఎంత గట్టిగా కొట్టాలో ముందే నిర్ణయమైపోయేది. అలాంటి ముఠాలలో ఏడ్చేవారు వేరు, నవ్వేవారు వేరు, మళ్లీ పాడమని కేకలు వేసేవారు వేరు. మన పద్యనాటకాల పందిళ్లలో కూలి లేకపోయినా న్యాయం ఉండేది. 'వన్స్ మోర్' అని గొంతు చించుకున్నవాడికి పద్యం రెండోసారి దక్కేది. బెర్లిన్‌లో దక్కింది వంగిన తల మాత్రమే.

1991లో వియన్నాలో 'ఒతెల్లో' పాడిన మరో ఒపెరా గాయకుడు ప్లాసిదో దొమింగోకు ఎనభై నిమిషాల చప్పట్లు పడ్డాయి. తెర ముందుకు రావడం మాత్రం 101 సార్లే. ఇక కాలాన్ని కొలవాలా, నమస్కారాలను లెక్కించాలా అన్న చిక్కు వచ్చి పడింది. పదమూడు నిమిషాలు వియన్నా వారు ఎక్కువ, అరవై నాలుగు నమస్కారాలు బెర్లిన్ వారు ఎక్కువ. ఇంత లోతైన వివాదంలో పాట ఎలా ఉందన్న ప్రశ్న ఎక్కడా అడ్డు రాకపోవడం మనం గమనించాలి.

చప్పట్లతోనే శ్రోత పని తీరిపోతుందనుకుంటే పొరపాటు. ఆ తర్వాత జీవితాంతం జ్ఞాపకం పెట్టుకోవాలి. 1972 ఫిబ్రవరి 17న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో పావరొట్టి 'లా ఫీయ్ ద్యు రెజిమాఁ' ఒపెరాలోని ఒక్క పాటలో తొమ్మిది సార్లు 'హై సి' అనే పైస్వరం అందుకున్నారు. టెనర్ గొంతుకు, అంటే మగవారి హెచ్చుస్థాయి గొంతుకు, అది కొండకొమ్ము. అక్కడిదాకా ఎక్కిన తొమ్మిది సార్లూ జారకుండా దిగారు. ఆ రంగశాలలో సుమారు 3,800 సీట్లు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ సీట్లు పెద్దగా పెరగలేదు. ఆ రాత్రి అక్కడ ఉన్నవారి సంఖ్య మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది. దీన్ని నేను అబద్ధం అనను. గొప్ప రాత్రిని మోయడానికి 3,800 మంది చాలరు, ఆలస్యంగానైనా కొందరు వెళ్లి భుజం పట్టక తప్పదు. జ్ఞాపకంలో స్వరాల సంఖ్య తొమ్మిది దాటకపోవడమే వారి నిజాయితీకి సాక్ష్యం. ఒక్కో స్వరం నిడివి పెరిగిందంటే అది వేరే సంగతి.

అసలు నైపుణ్యం పాడని రాత్రులను జ్ఞాపకం పెట్టుకోవడంలో ఉంది. షికాగో లిరిక్ ఒపెరా వారు ఓపికగా లెక్క కట్టారు. ఒప్పుకున్న 41 ప్రదర్శనలలో ఆయన 26 ఎగ్గొట్టారని తేల్చి, 1989లో ఇక మీకో నమస్కారం అన్నారు. ఆ ఊరి శ్రోతలకు ఆయన పాడిన పదిహేను రాత్రుల కన్నా, తెర లేవకముందే ఆయన రావడం లేదని చెప్పడానికి నల్లకోటు మనిషి ఒకడు దిగాలు ముఖంతో వేదిక మీదకు వచ్చే రాత్రులే గాఢంగా గుర్తుండాలి. 2002 మే 11న న్యూయార్కులో అయితే ఆ కళ పరాకాష్ఠకు చేరింది. 'తోస్కా'లో ఆయన ఆఖరిసారి అని ప్రచారమైంది. టికెట్టు 1,875 డాలర్ల దాకా వెళ్లింది. లోపల చోటు దొరకనివారి కోసం బయట ఆవరణలో పెద్ద తెర కట్టారు. జలుబు చేసిందని పావరొట్టి రాలేదు. మిలాన్ నుంచి విమానంలో రప్పించి సిద్ధంగా ఉంచిన సాల్వతోరె లిచీత్ర పాడారు, బాగా పాడారు, జనం నిలబడి మెచ్చుకున్నారు. పావరొట్టి గొంతు వినడానికి ఎందరో టికెట్టు కొన్నారు. పావరొట్టి జలుబును అంత సొమ్ము పోసి కొన్నవారు మాత్రం వీరే.

హైడ్ పార్కు వారిది ఇంకో ఘనత. 1991 జూలై 30న లండన్‌లోని ఆ పార్కులో ఆరుబయట పావరొట్టి కచేరీ, పైన కుండపోత. వెనకవాళ్లకు వేదిక కనిపించడం లేదని గొడుగులు ముడిచేయమన్నారు. ముడిచేశారు! డయానా యువరాణి కూడా తడిసి ముద్దయ్యారు. ఆ రోజు పావరొట్టి ఏం పాడారని అడిగి చూడండి. వాన గురించి చెబుతారు.

మిలాన్ ఒపెరా రంగశాల లా స్కాలా పై అంతస్తులో కూర్చునేవారి ముందు మాత్రం వీళ్లెవరూ నిలవలేరు. ఆ చవక సీట్ల గాలరీని లొజ్జోనె అంటారు. అక్కడికి వెళ్లేది వినడానికి కాదు, విచారణ జరపడానికి. 1992 డిసెంబరు 7న, సంత్ అంబ్రోజియో పండుగ నాడు, 'దోన్ కార్లో'లో పావరొట్టి గొంతు ఒకచోట చిట్లింది. పైనుంచి ఛీత్కారాలు కురిశాయి. గంటల తరబడి పాడినదంతా గాలిలో కలిసిపోయి ఆ ఒక్క బీట మాత్రం శాసనంలా మిగిలింది. తప్పు తనదేనని ఆయన ఒప్పుకున్నారు. మధ్యవర్తిత్వం లేని స్వచ్ఛమైన శ్రవణం అంటే ఇదేనని నా అభిప్రాయం. మిగతావాళ్లు విన్నది మరిచిపోకుండా ఉండటానికి తంటాలు పడతారు, వీళ్లు మరిచిపోవాల్సినది ఒక్కటే ఏరుకుని దాచుకుంటారు.

చివరికి తురిన్. 2006 ఫిబ్రవరి 10, శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. అప్పటికే ఆరోగ్యం బాగులేని మనిషి, డెబ్బై ఏళ్లవాడు, ఆరుబయట ఎముకలు కొరికే చలిలో నిలబడి 'నెస్సున్ దోర్మా' పాడారు. అక్కడున్నవారిని అడగండి, అంత చలిలోనూ గొంతు రవ్వంత వణకలేదని సాక్ష్యం చెబుతారు. నిజమే, రికార్డుకు చలి వేయదు. పాట ముందే రికార్డు చేసి పెట్టిందని, వాద్యబృందం వాయిస్తున్నట్టు, తాను నడిపిస్తున్నట్టు, పావరొట్టి పాడుతున్నట్టు నటించామని ఆయన సంగీత సహచరుడు లియోనె మాజేరా 2008లో బయటపెట్టారు. పావరొట్టి అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. బహిరంగంగా ఆయన పాడిన ఆఖరి పాట, అదీ పాడనిది.

దీనికి బాధపడేవాళ్లు 'లెలిజిర్ దమోరె' సరిగా చూడలేదన్నమాట. అందులో దుల్కమార అనే నాటువైద్యుడు బోర్దో ద్రాక్షసారాయిని ప్రేమ కషాయమని నెమొరీనోకు అంటగడతాడు. వాడు తాగుతాడు. ఊరి ఆడపిల్లలంతా వెంటపడతారు. వాడి మామయ్య చనిపోయి ఆస్తి కలిసొచ్చిందని వాళ్లకు తెలిసింది, వాడికి తెలియదు. వాడి దృష్టిలో మందు పనిచేసింది. తురిన్‌లోనూ సీసాలో ఏముందన్న మాట అటుంచితే మందు పనిచేసింది. కన్నీళ్లు మాత్రం ఎవరూ ముందుగా రికార్డు చేసి తెచ్చుకోలేదు.

ఇంత అధికారంతో మాట్లాడుతున్నావే, నువ్వు విన్నావా అని అడిగేవారుంటారు. విన్నాను. 1990 జూలై 7 రాత్రి, రోమ్‌లోని కారకల్లా స్నానశాలల శిథిలాలలో. మర్నాడు ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఫైనల్. రక్త క్యాన్సరు నుంచి బయటపడిన హొసె కరేరాస్, దొమింగో, పావరొట్టి ముగ్గురూ ఒకే వేదిక మీద. వాద్యబృందాలను నడిపించింది మన బొంబాయి జుబిన్ మెహతా. పావరొట్టి చేతిలో తెల్లటి రుమాలు. నా సీటు ఎడమవైపు, చాలా ముందు, చాప మీద. ఏలూరులో మా మేనత్త గారింట్లో, అద్దెకు తెచ్చిన వీడియో ప్లేయరుకు రెండడుగుల దూరంలో. కారకల్లాలో జరిగిన ఏడాదికో రెండేళ్లకో జరిగింది గానీ, జ్ఞాపకానికి తేదీతో పని లేదు.

ముగ్గురూ కలిసి 'నెస్సున్ దోర్మా' అందుకున్నారు. పాట చివర వచ్చే ఆఖరి 'విన్చెరో' (గెలుస్తాను) దగ్గర కరెంటు పోయింది. అయినా ఆ స్వరం ఎంతసేపు నిలిచిందో నాకు స్పష్టంగా గుర్తుంది. ఫ్యాను ఆగింది, దోమలు దిగాయి. 'నెస్సున్ దోర్మా' అంటే ఎవరూ నిద్రపోరాదని అర్థమట. తెల్లవారుజామున కరెంటు వచ్చేదాకా మేనత్త, మామయ్య, మేం నలుగురు పిల్లలం చీకట్లో చప్పట్లు కొడుతూనే ఉన్నాం. గంటా ఏడు నిమిషాలకు ఏ మాత్రం తక్కువ ఉండదు. గిన్నిస్ వారు ఏలూరు రాలేదు.