ఎంబీపీఎస్ కాదు సామీ, పింగ్ చెప్పు

ఆరు నెలల క్రితం సంగతి. రాత్రి తొమ్మిదింబావు. నేను హాల్లో ఆఫీసు కాల్‌లో ఉన్నాను, అవతల అమెరికా వాళ్ళు. నేనొక మాట అంటే అది వాళ్ళకు చేరేసరికి వాళ్ళు ఇంకో విషయంలోకి వెళ్ళిపోతున్నారు. ఇద్దరం ఒకేసారి మాట్లాడటం, ఇద్దరం ఒకేసారి ఆగిపోవడం, "సారీ, మీరు చెప్పండి", "లేదు లేదు, మీరే". ఇంతలో లోపల గదిలోంచి మా మేనల్లుడి కేక: "మామా, పింగ్ 380! ఎవరేం డౌన్‌లోడ్ పెట్టారు?"

ఎవరూ ఏమీ పెట్టలేదు. (పింగ్ అంటే మనం పంపింది అవతలి సర్వర్‌కి చేరి జవాబు రావడానికి పట్టే టైము, మిల్లీసెకన్లలో.) కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ పెట్టమన్నారు. పెట్టాను, 98 ఎంబీపీఎస్ (సెకనుకి ఎంత డేటా వస్తుందనే లెక్క) చూపించింది. "100 ప్లాన్‌కి 98 వస్తోంది కదా సార్, ఇంకేం ప్రాబ్లం? కావాలంటే 200కి మారండి" అన్నాడు. మారాను. సిగ్గు లేకుండా చెబుతున్నా, మారాను, పైన 18 శాతం జీఎస్టీ కూడా కట్టాను. డౌన్‌లోడ్ 200 అయింది, అప్‌లోడ్ మాత్రం పాత 20 దగ్గరే ఉంది. మరుసటి రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ అదే కేక.

మేముండేది బెంగళూరులో సీగేహళ్ళి వైపు, ఒక సందులో. మెట్రో 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చేసింది గానీ మా సందులోకి రెండో ఫైబర్ కంపెనీ మాత్రం ఇంకా రాలేదు. పెద్ద కంపెనీ వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొడితే పచ్చ టిక్కు వస్తుంది. మనిషి వచ్చి, మెడ పైకెత్తి స్తంభాలు లెక్కపెట్టుకుని, "ఫీజిబిలిటీ లేదు సార్" అని వెళ్ళిపోతాడు. ఇక మిగిలేవి లోకల్ కేబుల్ ఆయన ఇచ్చే ఫైబర్, డాబా మీద పెట్టే 5జీ డబ్బా (టవర్ సిగ్నల్ పట్టి ఇంటికి నెట్ ఇచ్చేది), ఫోన్ హాట్‌స్పాట్. ఇందులో ఏది తీసుకోవాలి అని నన్ను అడిగేవాళ్ళందరూ మొదట అడిగేది స్పీడెంత అనే. నా గొడవంతా అక్కడే.

బెంగళూరులో ఉన్నవాళ్ళకి నీళ్ళ లెక్కలో చెబితే తొందరగా ఎక్కుతుంది. ట్యాంకర్ వస్తే వేల లీటర్లు ఒక్కసారి దిగుతాయి. కానీ ఫోన్ చేసిన మూడు గంటలకు వస్తుంది. కుళాయి ధార సన్నగానే ఉంటుంది, తిప్పగానే పడుతుంది. ఎంబీపీఎస్ అంటే ట్యాంకర్ సైజు. పింగ్ అంటే తిప్పిన ఎంతసేపటికి నీళ్ళు పడ్డాయి అనేది. సినిమా చూడాలంటే ట్యాంకర్ చాలు, ముందే సంపు నింపి పెట్టుకుంటుంది. ఆఫీసు కాల్‌కీ ఆటకీ కుళాయి కావాలి. ఆ కుళాయికి ధార పెద్దగా అక్కర్లేదు కూడా: మంచి క్వాలిటీ గ్రూప్ వీడియో కాల్‌కి 4 ఎంబీపీఎస్ సరిపోతుంది, ఆటకి 1 కూడా పట్టదు. మాట ఒక వైపు వెళ్ళడానికి 150 మిల్లీసెకన్లు దాటకుంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఎప్పుడో రాసిపెట్టింది.

తమాషా ఏమిటంటే ప్రభుత్వం లెక్కలోనూ ఇదే గోల. బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో కనీస వేగం 512 కేబీపీఎస్ ఉండేది, 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. అందులో 'ఇంటరాక్టివ్ సర్వీసులు' నడవాలి అనే మాటుంది. ఎన్ని మిల్లీసెకన్లలో నడవాలో ఆ నిర్వచనంలో లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళ క్వాలిటీ నిబంధనల్లో లేటెన్సీకి, అంటే ఈ ఆలస్యానికి, విడిగా హద్దులున్నాయి, 2006 నుంచీ ఉన్నాయి. కానీ ఆ అంకె వేసిన పాంప్లెట్ మా గేటుకి ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు.

సరే, 380 ఎందుకొచ్చింది? మా ఆవిడ మదనపల్లెలో పెళ్ళికి వెళ్ళొచ్చింది. ఆ ఫోటోలూ వీడియోలూ ఆమె ఫోన్లోంచి రాత్రిపూట బ్యాకప్‌కి ఎక్కుతున్నాయి. అప్‌లోడ్ నిండిపోయింది, అంతే. నిండిపోతే రౌటర్ ఏం చేస్తుందంటే, పోగైన డేటానంతా తన మెమరీలో వరసలో నిలబెడుతుంది. పెళ్ళిలో బఫే లైను చూశారు కదా. ప్లేటు పట్టుకుని యాభైమంది ఉంటారు, నీకు కావాల్సింది గ్లాసుడు మంచినీళ్ళు, అయినా ఆ యాభైమంది వెనకే నిలబడాలి. మావాడి ఆట పంపే బుల్లి ప్యాకెట్ గతి అదే. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెట్టిస్ అనే ఇంజనీరు 2010 ప్రాంతంలో దీని మీద గట్టిగా గొడవ చేశాడు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ కలిసి 'కోడెల్' అనే మందు కనిపెట్టారు. దాని మీదే వచ్చిన 'ఎఫ్‌క్యూ కోడెల్' మంచినీళ్ళ వాళ్ళని పక్క నుంచి ముందుకు పంపించేస్తుంది.

నేను చేసింది చిన్న పని. పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, అందులో ఎస్‌క్యూఎం (ఈ వరసని అదుపులో పెట్టే సెట్టింగు) ఆన్ చేసి, అప్‌లోడ్‌ని 20కి బదులు 18కి బిగించాను. రెండు ఎంబీపీఎస్ వదులుకున్నానన్న మాట. బ్యాకప్ నడుస్తున్నప్పుడే పింగ్ చూస్తే 22. మావాడు గదిలోంచి బయటికొచ్చి నా వైపు చూసిన చూపు ఉంది చూడండి, వాడి ఇంజనీరింగ్ ఫీజు కట్టినప్పుడు కూడా అలా చూడలేదు. తర్వాతి నెలే 200 ప్లాన్ తీసేసి 50కి దిగాను. కస్టమర్ కేర్ అబ్బాయి "డౌన్‌గ్రేడా సార్?" అని మూడుసార్లు అడిగాడు.

అందుకే కొత్త కనెక్షన్ తీసుకోబోయేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. డబ్బులు కట్టకముందు, అదే లైన్ ఉన్న పక్కింటికి రాత్రి 9 గంటలకి వెళ్ళండి. పగలు కాదు, పగలు అందరివీ బాగానే ఉంటాయి. ల్యాప్‌టాప్‌కి ల్యాన్ వైరు పెట్టి పింగ్ కొట్టండి, ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి మళ్ళీ కొట్టండి. సగటు చూసి మురిసిపోవద్దు. 20, 22, 21, 190, 20 అని వస్తుంటే ఆ 190 దగ్గరే మీ మాట తెగిపోతుంది. టీ తాగే నెపంతో వెళ్తే ఎవరూ కాదనరు, నేను అలాగే నాలుగిళ్ళు తిరిగాను. వైఫైలో కొలిచి మాత్రం కంపెనీని తిట్టకండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే, 1, 6, 11. మా సందులో నాకు కనిపించేవి 23 వైఫైలు. ఇక మీరే లెక్కేసుకోండి.

డాబా మీది 5జీ డబ్బా కూడా ఓనర్ అంకుల్ ఇంట్లో చూశాను. పొద్దున పింగ్ 25 వచ్చేది, సాయంత్రం అందరూ ఇళ్ళకి చేరాక 90కి ఎక్కేది, మధ్యలో ఊగేది. టవర్ అందరిదీ కదా. ఫైబర్ అసలు రాని చోట అదే దిక్కు, తప్పు పట్టను. మన ఇంటికీ టవర్‌కీ మధ్య ఇంకో నాలుగంతస్తులు లేవకుండా దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే. ఉపగ్రహం నుంచి వచ్చే నెట్ సంగతి ఎవరో అడిగారు. 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే పాత రకమైతే, వెళ్ళి రావడానికే అర సెకను పోతుంది. కాల్స్‌కి పనికిరాదు.

ఎంత డబ్బు పోసినా తగ్గని పింగ్ కూడా ఒకటుంది. ఫైబర్‌లో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది, అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి రానూపోనూ 1 మిల్లీసెకను. చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రంలో వేసిన కేబుల్ 3,200 కిలోమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి సింగపూర్ సర్వర్ అంటే కేబుల్‌లోనే 32 అయిపోతుంది. దాన్ని ఏ ప్లానూ తగ్గించలేదు. కానీ చెన్నై సర్వర్‌కి వెళ్ళాల్సిన డేటా ముంబై మీదుగా చుట్టుకొస్తే అది కంపెనీ చేతకానితనమే. మెజెస్టిక్ నుంచి కోరమంగళకి తుమకూరు మీదుగా పోవడం లాంటిది. మా పాత కనెక్షన్‌లో ట్రేస్‌రూట్ (డేటా ఏ దారిన పోతోందో చూపే కమాండ్) కొడితే సరిగ్గా ఇదే కనిపించింది.

ఆ పాత కనెక్షన్‌కి ఆరు నెలలు ముందే కట్టాను, ఒక నెల ఫ్రీ అన్నారని. మూడో నెల నుంచి ఫోన్ ఎత్తలేదు. నెలనెలా కట్టండి. ఆ ఫ్రీ నెల ఎప్పటికీ రాదు.

ఒక్క మంచి మాట కూడా చెప్పాలి. ఇప్పుడున్న లోకల్ ఆపరేటర్ దగ్గర లైన్ చూసే కుర్రాడిది చింతామణి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఒకరోజు నెట్ పోతూ వస్తూ ఉంటే వచ్చి ఇంట్లోని ఫైబర్ డబ్బా సెట్టింగుల పేజీ తెరిచి, "అన్నా, పవర్ మైనస్ 28 ఉంది, జాయింట్ పోయింది" అన్నాడు. పవర్ అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం, అది మైనస్ 27 కంటే కిందికి పడితే ఆ డబ్బాకి వెలుగు సరిగా అందదట. చెట్టు కొమ్మ కొట్టినప్పుడు ఎవరో కేబుల్‌ని లాగి వదిలేశారు. చెట్టెక్కి అరగంటలో జాయింట్ కొత్తగా వేసి మైనస్ 21కి తెచ్చాడు. ఇంత పని తెలిసిన మనిషి పది నిమిషాల దూరంలో ఉంటే, పెద్ద కంపెనీ యాప్‌లో టికెట్ నంబర్ నాకెందుకు?

ఇల్లు మారేటప్పుడు ఓనర్‌ని కావేరీ నీళ్ళా బోరా అని అడుగుతాం, పార్కింగ్ అడుగుతాం. ఈ బిల్డింగ్‌లోకి ఎన్ని కంపెనీల ఫైబర్ వస్తుందో కూడా అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి. ఇంతకుముందున్న అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ ఒక్క కంపెనీనే రానిచ్చేది, ఎందుకని అడిగితే 'వైర్లు అసహ్యంగా ఉంటాయి' అనేవారు. బిల్డింగ్‌లకి నెట్ కనెక్టివిటీని బట్టి స్టార్ రేటింగ్ ఇచ్చే నిబంధనలు ట్రాయ్ 2024 అక్టోబర్‌లో తెచ్చింది. టూ-లెట్ బోర్డు మీద ఆ స్టార్లు మాత్రం నాకింకా కనిపించలేదు.

మా సందు చివర పెద్ద కంపెనీ నల్ల కేబుల్ చుట్ట ఒకటి స్తంభానికి వేలాడుతోంది. మాకు నాలుగు స్తంభాల దూరం. రెండు నెలలుగా అక్కడే ఉంది. మావాడు రోజూ సాయంత్రం పాలకి వెళ్తూ దాన్ని చూసొస్తాడు.

సీగేహళ్ళి, కన్నమంగళ వైపు ఉన్నవాళ్ళు ఈ రాత్రి తొమ్మిదింటికి మీ పింగ్ ఎంతొస్తోందో కింద రాయండి. స్పీడ్ వద్దు.