తేదీ లేని ఫ్లెక్సీ

మా ఊరి పంచాయతీ ఆఫీసులో ఒక ఫ్లెక్సీ ఉంది. "గ్రామసభకు విచ్చేసిన ప్రజలకు స్వాగతం, సుస్వాగతం" అని రాసి, కింద "తేదీ" అని పెట్టి, పక్కన జానెడు చోటు ఖాళీగా వదిలేశారు. మొదట అచ్చుతప్పు అనుకున్నాను. అది పాలనా సంస్కరణ అని తర్వాత తెలిసింది. సభ ఉన్న రోజు తెల్ల కాగితం మీద మార్కర్‌తో తేదీ రాసి, ఆ ఖాళీలో సెల్లో టేపుతో అతికిస్తారు. ఫోటో అయ్యాక కాగితం పీకేస్తారు. ఫ్లెక్సీ మళ్లీ చుట్ట చుట్టుకుని బీరువా వెనక్కి వెళ్లిపోతుంది.

తప్పేముంది? తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంది. ఏడాదికి ఆరు సభలు. ఆరింటికీ ఆరు ఫ్లెక్సీలు కొట్టిస్తే ప్రజాధనం ఏం కావాలి? ఇంత పొదుపు తెలిసిన పంచాయతీకి బ్లీచింగ్ పౌడర్ దగ్గర మాత్రం ఎందుకో చెయ్యి కాస్త ధారాళం. బిల్లుల ప్రకారం మా మోరీల్లో చల్లిన బ్లీచింగ్‌కి ఈపాటికి ఊళ్లో బర్రెలన్నీ కొంగల్లా తెల్లబడి ఉండాలి. దోమలు కూడా నల్లగానే ఉన్నాయి.

2023 ఎండాకాలంలో ఒక సభను కళ్లారా చూసే భాగ్యం కలిగింది. పొద్దున ఏడింటికి డప్పు చాటింపు. ఆఫీసు గేటు ముందు నాలుగు దెబ్బలు పడ్డాయి. అక్కడ పడుకున్న కుక్క లేచింది. కాబట్టి చాటింపు జరిగినట్టే. ఏడుంబావుకి సభ. జనం ఏరి అని అడగకండి, ఉపాధి హామీ పనికి పోయే ట్రాలీ ఆటో ఆ దారినే రావాలిగా. వచ్చింది. పంచాయతీ గుమాస్తా కారోబార్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. గడ్డపారలు, తట్టలు ఆటోలోనే ఉంచి మనుషుల్ని దించారు. ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టారు, మహిళల భాగస్వామ్యం కనబడాలి కదా. కార్యదర్శి ఫోన్ పట్టుకుని వెనక్కి నడుస్తూ, "దూరం దూరం కూసోండమ్మా, సభ పెద్దగ కనబడాలె" అన్నాడు.

ఇంతలో గాలి వీచి తేదీ ఎగిరిపోయింది. సఫాయి పిల్లాడు దాని వెంట ఉరికాడు. తేదీ మోరీ దాకా వెళ్లి ఆగింది. సభ మొత్తం ఊపిరి బిగబట్టి చూసింది. ఆ రోజు ప్రజలు పాలుపంచుకున్న ఏకైక అంశం అదే. తడిసిన తేదీని తెచ్చి మళ్లీ అతికించారు.

కుర్చీలో సర్పంచ్ గారి భర్త కూర్చుని ఉన్నారు. ఫోటో అనగానే లేచి పక్కకు జరిగారు. గోడవారన నిలబడ్డ సర్పంచమ్మను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. క్లిక్‌మంది. ఆమె లేచింది, ఆయన కూర్చున్నారు. స్థానిక సంస్థల్లో మహిళలకు 50 శాతం రిజర్వేషన్ అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క నిమిషం.

అంతా లేస్తుంటే ముందు వరసలో ఉన్న ఒక అవ్వ అడిగింది, "సారూ, నా కూలి పైసలు రెండు నెలలాయె. ఎప్పుడు పడ్తయి?"

"ఫోటో అయిపోయిందవ్వా. ఇగ పో," అన్నాడు కార్యదర్శి.

ఇక్కడ నాకు నవ్వు రాలేదు. చేసిన పనికి పదిహేను రోజుల్లోగా కూలి ఇవ్వాలని ఉపాధి హామీ చట్టంలోనే రాసుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, ఓటరు జాబితాలో ఉన్న ప్రతి మనిషినీ గ్రామసభలో సభ్యుణ్ని చేసింది. అంటే ఆ అవ్వ సభకు వచ్చిన అతిథి కాదు. సభే ఆమెది! అక్కడున్న వాళ్లందరిలో లెక్క అడిగింది ఆమె ఒక్కతే. ఆమెను పొమ్మనడానికి వీడెవడు? మెట్ల మీద కూర్చున్న మాబోటి చదువుకున్న వెధవలం ఎందుకు నోరు మూసుకున్నాం?

సరే. సర్పంచుల మీదే పడి ఏడ్వడం కూడా న్యాయం కాదు. చేతి డబ్బు పెట్టి పనులు చేయించి, బిల్లులు రాక వడ్డీలు కట్టుకున్న సర్పంచులు నాకు తెలుసు. పైనుంచి పైసా రాల్చని వాళ్లు కింద లెక్క చెప్పమంటారు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాలు దిగిపోయాయి. 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లకు ప్రత్యేకాధికారులే దిక్కు. పాలకవర్గం పోయినా ఫ్లెక్సీ పోలేదు. దాని మీద తేదీ ఖాళీ కదా, ఎవరి హయాంకైనా సరిపోతుంది.

మధ్యలో ఒకసారి మాత్రం గ్రామసభలకు జనం నిజంగానే వచ్చారు. 2025 జనవరి 21 నుంచి 24 వరకు, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివినప్పుడు. నా పేరేది అని చాలా ఊళ్లలో నిలదీశారు. పోలీసులను పెట్టి సభలు నడపాల్సి వచ్చింది. జనం రాని సభకు ఫ్లెక్సీ చాలు, జనం వచ్చిన సభకు పోలీసులు కావాలి!

ఆ ఎండాకాలం సభలో ఏం తీర్మానించారో తెలుసుకోవాలని నాకు పురుగు తొలిచింది. పంచాయతీలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము లేదు కాబట్టి రాసిచ్చాను. జిరాక్సు కాపీలు వచ్చాయి. సంతకాలు మాత్రం ఆ రోజు మా ముందే తెల్ల కాగితం మీద తీసుకున్నారు, పైన రాత తర్వాత చేరింది. గట్టు తగాదాలో పదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు బోరు మోటారు రిపేరు బిల్లు దగ్గర మాత్రం ఏకగ్రీవం. అవ్వ వేలిముద్ర పదకొండో నంబరు దగ్గర ఉంది. దానికి సరిగ్గా పైన నాలుగో తీర్మానం:

"ఉపాధి హామీ కూలీలకు వేతనములు సకాలములో అందుచున్నందున సభ సంతృప్తి వ్యక్తము చేయడమైనది."