తూకానికి వేసేముందు ప్రాసెసర్ ఏదో చూడండి

“పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకు హెచ్చరిక” అనే మెసేజ్ బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఆగకుండా తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, ఆఖరికి అనంతపురం నుంచి మా బాబాయి కూడా పంపి “నిజమేనా రా?” అని అడిగాడు. అందులో ఉన్నది ఇదీ: డెబియన్ (విండోస్‌లాంటిదే, ఉచితంగా దొరికే లినక్స్ సిస్టమ్) 13వ వెర్షన్ పాత ప్రాసెసర్లకు సపోర్ట్ తీసేసింది. పదేళ్లు దాటిన కంప్యూటర్లన్నీ ఇక తుక్కే, రేటు పడిపోకముందే అమ్మేయండి. ఇదంతా ఇంటెల్‌తో కుమ్మక్కు. నడుస్తున్న కోడ్‌ను కావాలనే పీకేశారు. ఈరోజే అప్‌డేట్లు ఆపేయండి, లేదంటే మెషిన్ లాక్ అయిపోతుంది.

కుమ్మక్కు సంగతి ముందు తేల్చేద్దాం. డెబియన్‌ను నడిపేది వాలంటీర్లు. మీరు కొత్త ల్యాప్‌టాప్ కొంటే వాళ్లకు పైసా రాదు. దీని మీద ఇంతకంటే మాట్లాడటం దండగ.

నాకు నిజంగా ఒళ్లు మండించింది ఆ “పదేళ్లు” అన్న మాట. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆగిపోయింది 32 బిట్ ప్రాసెసర్లకు (64 బిట్‌కు ముందున్న పాత రకం) ఇచ్చే ఇన్‌స్టాలర్, కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్). కంప్యూటర్ వయసుతో దానికి పనిలేదు. ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్లు 2003లోనే వచ్చాయి. ఇంటెల్ కోర్ 2 డ్యుయో 2006లో వచ్చింది, అదీ 64 బిట్టే. ఐ3, ఐ5, ఐ7 అని స్టిక్కర్ ఉన్నది ఏదైనా సరే 64 బిట్టే. మరి పదేళ్ల కిందటి ఐ3ని తుక్కు అని ఏ లెక్కన తేల్చారు?

మారతహళ్లి దగ్గర మనవాళ్లు నడిపే ఒక ట్యూషన్ సెంటర్ ఉంది. కడప, అనంతపురం నుంచి వచ్చిన బిల్డింగ్ పనివాళ్ల పిల్లలు అక్కడ చదువుకుంటారు. ఆఫీసులు వదిలేసిన పాత డెస్క్‌టాప్‌లే అక్కడున్నవి. ఈ మెసేజ్ చూసి వాటిని తూకానికి వేసేద్దామనుకున్నారు. వెళ్లి టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి, ప్రాసెసర్ వివరాలు చూపించే ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ (lscpu) అని కొట్టాను. మొదటి వరుసలో ఆర్కిటెక్చర్ ఐ686, అంటే 32 బిట్ రకం, అని ఉంది. అది చూసే అక్కడి అన్న “చూశావా, 32 బిట్టే కదా!” అన్నాడు. దాని కిందే ఉంది రెండో వరుస: ఆపరేషన్ మోడ్‌లు 32 బిట్, 64 బిట్. ప్రాసెసర్ కోర్ 2 డ్యుయో. ఎవరో ఎప్పుడో 32 బిట్ సీడీతో ఇన్‌స్టాల్ చేసి వెళ్లారు, అంతే. ఆ మెసేజ్ రాసిన మనిషికి లోపల వేసిన సిస్టమ్‌కూ ప్రాసెసర్‌కూ తేడా తెలియదు. తెలియకపోతే ఊరుకోవచ్చు కదా? పిల్లల ముందున్న కంప్యూటర్లు అమ్మేయమని వేల మందికి చెప్పేముందు ఒక్క కమాండ్ కొట్టి చూసే ఓపిక కూడా లేదా?

విండోస్‌లోనైతే సిస్టమ్ టైప్ దగ్గర చూడండి. “32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్” అని ఉంటే మెషిన్‌కు ఢోకా లేదు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త: స్టిక్కర్ మీద 2 లేకుండా ఉత్త కోర్ డ్యుయో అని ఉంటే అది 32 బిట్టే.

ఇక “నడుస్తున్న కోడ్‌ను పీకేశారు” అంటున్నారు. కోడ్ దానంతటది నడవదు, దాన్ని చూసుకునేవాళ్లు ఉండాలి. 2018 జనవరిలో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం బయటపడితే 64 బిట్ లినక్స్‌కు రక్షణ ఆ నెలలోనే వచ్చింది. 32 బిట్‌కు అదే రక్షణ కెర్నల్ 4.19తో అక్టోబర్‌లో గానీ రాలేదు. అన్ని నెలలు ఆ మెషిన్లు బార్లా తెరిచిన తలుపుల్లా ఉన్నాయి. చూసే మనుషులు లేని సిస్టమ్‌ను “సపోర్ట్ ఉంది” అని ఇవ్వడమే అసలైన మోసం. పాతవాటిని వదిలేయడం కొత్తేమీ కాదు: లినక్స్ పుట్టిందే ఇంటెల్ 386 అనే పాత 32 బిట్ ప్రాసెసర్ మీద. ఆ 386నే 2013లో వచ్చిన కెర్నల్ 3.8లో తీసేశారు.

అప్‌డేట్లు ఆపమనడం శుద్ధ తప్పు. డెబియన్ 12 తనంతట తాను 13 అయిపోదు. సోర్సెస్ లిస్ట్‌లో (అప్‌డేట్లు ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే ఫైల్) ‘బుక్‌వార్మ్’ అని, అంటే డెబియన్ 12 పేరు, రాసి ఉంటే అక్కడే ఉంటుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు తీసుకోండి. ‘స్టేబుల్’ అని ఉంటే మాత్రం అది కొత్త వెర్షన్‌కు తీసుకెళ్తుంది, ఇప్పుడే ‘బుక్‌వార్మ్’ అని మార్చుకోండి, 32 బిట్ సిస్టమ్‌ను 13కి తీసుకెళ్లొద్దని డెబియన్ వాళ్లే చెప్పారు.

ఒక్క విషయంలో ఆ మెసేజ్ పంపినవాళ్ల కోపం న్యాయమే. 2008లో వచ్చిన ఆటమ్ ఎన్270 ప్రాసెసర్ ఉన్న నెట్‌బుక్‌లు (చిన్న ల్యాప్‌టాప్‌లు) నిజంగానే 32 బిట్. వీలైతే 64 బిట్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి, లేదా హార్డ్‌వేర్‌ను పక్కన పెట్టండి అని డెబియన్ నోట్స్‌లోనే ఉంది. డెబియన్ మాట ప్రకారం నెట్‌బుక్ వాళ్లకు మిగిలింది ఆ రెండోదే. పైగా 64 బిట్ సిస్టమ్ ర్యామ్ ఎక్కువ తింటుంది, కాబట్టి 1 జీబీ ఉన్న కోర్ 2 డ్యుయో మీద కూడా ఆ మార్పు సుఖంగా ఉండదు. కుదిరితే ఇంకో ర్యామ్ స్టిక్ వేయించండి, బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాతవి దొరుకుతాయి. నెట్‌బుక్ ఉన్నవాళ్లు ఆల్పైన్ గానీ నెట్‌బీఎస్‌డీ గానీ (ఇవీ ఉచిత సిస్టమ్‌లే) వేసుకోవచ్చు, రెండూ 32 బిట్‌కు ఇంకా వస్తున్నాయి.