దిమిత్రోవ్ ‘పాడైపోయిన ఫెదరర్’ అన్న పోస్టులో ఎంత నిజం?

గ్రాండ్‌స్లామ్ మొదలైన ప్రతిసారీ బల్గేరియా టెన్నిస్ ఆటగాడు గ్రిగర్ దిమిత్రోవ్ మీద ఒక పోస్టు మళ్లీ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది దాదాపు ఇదే: ‘బల్గేరియాలో టెన్నిసే లేదు. అక్కడ పుట్టిన ఈ కుర్రాడు 17 ఏళ్లకే ఫెదరర్‌ను మించినవాడు. వైల్డ్ కార్డులతో పైకొచ్చాడు. షరపోవా ప్రేమలో పడి ఆట మరిచిపోయాడు. పెద్దవాళ్ల మీద ఏనాడూ గెలవలేదు. చేతిలో ఉన్న గ్రాండ్‌స్లామ్‌లు పోగొట్టుకున్నాడు.’ కింద వందల లైకులు, ‘టాలెంట్ వేస్ట్’ అని కామెంట్లు. ఒక్కో మాటా తీసుకుని 2008 నుంచి 2014 దాకా నిజంగా ఏం జరిగిందో చూద్దాం.

‘17 ఏళ్లకే ఫెదరర్‌ను మించినవాడు.’

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. 1991లో హస్కోవోలో పుట్టిన దిమిత్రోవ్‌కు మొదటి కోచ్ తండ్రే. తర్వాత బార్సిలోనాలోని సాంచెజ్-కసాల్ అకాడమీకి వెళ్లాడు. 2008లో జూనియర్ వింబుల్డన్, ఆ వెంటనే జూనియర్ యూఎస్ ఓపెన్ గెలిచి జూనియర్లలో నంబర్ వన్ అయ్యాడు. 2009లో అతనికి కోచ్‌గా వచ్చిన పీటర్ లుండ్‌గ్రెన్ అంతకుముందు ఫెదరర్‌కు కోచ్. ఈ వయసులో ఫెదరర్ కంటే ఇతనే మెరుగు అని ఆయనే అన్నాడు. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్, సర్వ్ చేసే తీరు కూడా ఫెదరర్‌ను గుర్తుచేసేవి. దాంతో ‘బేబీ ఫెదరర్’ అన్న పేరు అంటుకుంది, ఇక వదల్లేదు.

అయితే ‘ఈ వయసులో ఫెదరర్’ ఎలా ఉండేవాడు? 1998లో జూనియర్ వింబుల్డన్ గెలిచిన ఫెదరర్, 1999లోనూ 2000లోనూ అసలు వింబుల్డన్‌లో మొదటి రౌండ్‌లోనే ఇంటికి వెళ్లాడు. 2002లో కూడా మొదటి రౌండ్‌లోనే ఒక క్వాలిఫయర్ (ముందు అర్హత మ్యాచ్‌లు గెలిచి టోర్నీలోకి వచ్చినవాడు) చేతిలో ఓడిపోయాడు. ఆ మరుసటి ఏడాదే కప్పు ఎత్తాడు. అంటే లుండ్‌గ్రెన్ పోల్చింది ఇరవై గ్రాండ్‌స్లామ్‌ల ఫెదరర్‌తో కాదు, ఇంకా రాకెట్లు విరగ్గొట్టుకునే కుర్రాడితో. ఆ పోలిక నిజమే అనుకున్నా, దానినుంచి ఇరవై గ్రాండ్‌స్లామ్‌ల బాకీ ఎలా పుడుతుంది?

జూనియర్ కప్పులు ఏం చెబుతాయో మనకు తెలియంది కాదు. లియాండర్ పేస్ 1990లో జూనియర్ వింబుల్డన్, 1991లో జూనియర్ యూఎస్ ఓపెన్ గెలిచాడు, అంటే సరిగ్గా దిమిత్రోవ్ గెలిచిన రెండే. సింగిల్స్‌లో పేస్ బెస్ట్ ర్యాంకు 73. రమేశ్ కృష్ణన్ 1979లో జూనియర్ వింబుల్డన్ గెలిచాడు, ఆయన 23 దాకా వెళ్లాడు. 2008 వింబుల్డన్ ఫైనల్లో దిమిత్రోవ్ చేతిలో ఓడిన ఫిన్లాండ్ కుర్రాడు హెన్రీ కోంటినెన్ సింగిల్స్ వదిలేసి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఓడిన అమెరికన్ డెవిన్ బ్రిటన్ సింగిల్స్ టాప్ 100లోకి రానేలేదు. ఈ వరుసలో మూడో ర్యాంకు దాకా వెళ్లిన దిమిత్రోవ్‌ను పెట్టి చూస్తే ‘వేస్ట్’ అన్న మాట ఎక్కడ అతుకుతుందో పోస్టు రాసినవాళ్లే చెప్పాలి.

‘వైల్డ్ కార్డులతో పైకొచ్చాడు.’

ఇది చదివితే నాకు చిరాకొస్తుంది. ర్యాంకింగ్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు ఈ మాట అనరు. వైల్డ్ కార్డులు, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు పిలిచి ఇచ్చే చోట్లు, వచ్చిన మాట నిజమే. 2009 ఫిబ్రవరిలో రోటర్‌డామ్ టోర్నీ అతన్ని పిలిచింది. 17 ఏళ్ల వాడు మొదటి రౌండ్‌లో చెక్ ఆటగాడు తోమాస్ బెర్డిచ్‌ను ఓడించాడు, రెండో రౌండ్‌లో అప్పటి నంబర్ వన్ నడాల్ దగ్గర ఒక సెట్ లాక్కున్నాడు. జూనియర్ ఛాంపియన్ కాబట్టి వింబుల్డన్ కూడా అదే ఏడాది వైల్డ్ కార్డ్ ఇచ్చింది. అక్కడ మోకాలి నొప్పితో మొదటి మ్యాచ్ మధ్యలోనే తప్పుకున్నాడు.

టోర్నీలో సంపాదించిన పాయింట్లు 52 వారాలే ఉంటాయి, తర్వాత ఊడిపోతాయి. 2009 వైల్డ్ కార్డులు ఇచ్చిన పాయింట్లు 2010 వేసవికల్లా సున్నా. అతను టాప్ 100లోకి అడుగుపెట్టింది 2011 జనవరిలో. మధ్యలో ఏం చేశాడంటే, ఛాలెంజర్లు ఆడాడు. టీవీలో రాని, గ్యాలరీలు సగం ఖాళీగా ఉండే రెండో శ్రేణి టోర్నీలవి. 2010లో జెనీవాలో ఒకటి, బ్యాంకాక్‌లో రెండు గెలిచాడు. 2011 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు క్వాలిఫయింగ్ ఆడి వచ్చాడు. అంటే మెయిన్ డ్రాలో (అసలు టోర్నీలో) మొదటి బంతి పడక ముందే మూడు మ్యాచ్‌లు గెలిచాడన్నమాట. అక్కడ రెండో రౌండ్ దాకా వెళ్లాడు. వెంటనే ఫ్రాన్స్‌లోని షెర్బూర్‌లో ఇంకో ఛాలెంజర్ గెలిచాడు. ఏ నిర్వాహకుడి దయతోనో పైకి వచ్చినవాడి లెక్క ఇలా ఉండదు.

ఆ రోజుల్లో అతను బుద్ధిమంతుడని కూడా నేను అనను. 2010 చివర్లో హెల్సింకీ ఛాలెంజర్‌లో ఓడిపోయాక అంపైర్‌ను తోశాడు, జరిమానా కట్టాడు. తిట్టాలనుకుంటే అసలైన సరుకు అక్కడుంది. పోస్టులో మాత్రం ఆ ఊసే లేదు.

‘బల్గేరియాలో టెన్నిసే లేదు.’

మలీవా అక్కచెల్లెళ్లు ముగ్గురూ, మనుయేలా, కాటెరీనా, మాగ్డలీనా, టాప్ 10లో ఆడినవాళ్లే. మనుయేలా మూడో ర్యాంకు దాకా వెళ్లింది. 2010లో స్వెతానా పిరోంకోవా వీనస్ విలియమ్స్‌ను ఓడించి వింబుల్డన్ సెమీస్ ఆడింది. లేనిది మగవాళ్ల టెన్నిస్‌లో చెప్పుకోదగ్గ చరిత్ర. ఏటీపీ (మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ సర్క్యూట్) టైటిల్ గెలిచిన మొదటి బల్గేరియన్ మగవాడు దిమిత్రోవే. ఆడవాళ్ల ఆటను లెక్కలోంచి తీసేస్తే గాని ఈ వాక్యం రాయలేరు.

‘షరపోవా ప్రేమలో పడి ఆట మరిచిపోయాడు.’

తేదీలు చూస్తే సరిపోతుంది. రష్యన్ టెన్నిస్ స్టార్ మరియా షరపోవాతో అతని ప్రేమ సంగతి బయటికి తెలిసింది 2013లో, విడిపోయింది 2015 జులైలో. 2012 చివర్లో అతని ర్యాంకు 48. 2013 చివర్లో 23. 2014 చివర్లో 11, ఆ ఏడాది మధ్యలో 8 కూడా. జీవితంలో మొదటి నాలుగు టైటిళ్లూ ఆ కాలంలోనివే. 2015లో ఆట దిగజారింది నిజమే. కానీ మరీ కిందికి, 40కి, పడింది 2016 జులైలో, అంటే విడిపోయిన ఏడాదికి. మగవాడు ఓడిపోతే పక్కనున్న ఆడమనిషిని అనడం మన క్రికెట్ జనానికి కూడా బాగా అలవాటే కాబట్టి దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

‘పెద్దవాళ్ల మీద ఏనాడూ గెలవలేదు.’

2012 మయామీలో అప్పటి ఏడో ర్యాంకు బెర్డిచ్‌ను ఓడించాడు. 2013 మాడ్రిడ్‌లో నంబర్ వన్ జొకోవిచ్‌ను మూడు సెట్లలో కొట్టాడు: 7-6, 6-7, 6-3. రెండో సెట్ టైబ్రేక్‌లో (6-6 దగ్గర సెట్ తేల్చే గేమ్‌లో) పోయాక కూడా చేతులెత్తేయలేదు. అదే ఏడాది అక్టోబరులో స్టాక్‌హోమ్ ఫైనల్లో డేవిడ్ ఫెర్రర్ మీద మొదటి సెట్ పోగొట్టుకుని గెలిచాడు. అదే మొదటి టైటిల్, అప్పటికి వయసు 22.

2014 సంగతి ఇంకా చెప్పాలి. అకపుల్కోలో హార్డ్ కోర్టు మీద, బుకారెస్ట్‌లో మట్టి మీద, లండన్ క్వీన్స్ క్లబ్‌లో గడ్డి మీద, ఆరు నెలలు తిరగకుండానే మూడు రకాల కోర్టుల మీదా టైటిళ్లు. క్వీన్స్ ఫైనల్లో ఫెలిసియానో లోపెజ్‌కు ఛాంపియన్‌షిప్ పాయింట్ (ఒక్క పాయింట్ గెలిస్తే కప్పు అతనిదే) కూడా వచ్చింది, అక్కడినుంచి లాగాడు. మూడు సెట్లూ టైబ్రేకులే. రెండు వారాల తర్వాత వింబుల్డన్ క్వార్టర్స్‌లో డిఫెండింగ్ ఛాంపియన్ ఆండీ మర్రేను సెంటర్ కోర్టులోనే 6-1, 7-6, 6-2తో పంపించాడు. మొదటి సెట్ చూసినవాళ్లకు మర్రే సొంత గడ్డ మీద ఆడుతున్నాడని నమ్మకం కలిగేది కాదు. సెమీస్‌లో జొకోవిచ్‌తో నాలుగు సెట్లు ఆడి ఓడిపోయాడు, ఆఖరి రెండూ టైబ్రేకుల్లో.

పోస్టు రాసినవాళ్ల మనసులో ఉన్న మ్యాచ్ ఏదో నాకు తెలుసు. 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్స్, నడాల్ మీద. మొదటి సెట్ గెలిచాడు, రెండోది టైబ్రేక్‌లో పోయింది, మూడో సెట్ టైబ్రేక్‌లో సెట్ పాయింట్లు వచ్చాయి. నడాల్ అరచేతికి బొబ్బ, సర్వ్ తడబడుతోంది. ఎదురుగా కోర్టు ఖాళీగా ఉన్నప్పుడు ఒక తేలిక ఫోర్‌హ్యాండ్ బయటికి కొట్టాడు. నాలుగో సెట్ 6-2తో ముగిసింది. ఆ ఫోర్‌హ్యాండ్‌కు సాకు లేదు. టెన్షన్‌కు లొంగాడు అంటే ఒప్పుకుంటాను. ‘ఏనాడూ’ అంటే మాత్రం ఒప్పుకోను.

‘చేతిలో ఉన్న గ్రాండ్‌స్లామ్‌లు పోగొట్టుకున్నాడు.’

ఎవరి చేతిలో ఉన్నాయవి? 2010 నుంచి 2016 దాకా 28 గ్రాండ్‌స్లామ్‌లు జరిగితే మగవాళ్ల సింగిల్స్ గెలిచింది ఆరుగురే: నడాల్, ఫెదరర్, జొకోవిచ్, మర్రే, వావ్రింకా, చిలిచ్. 1990లలో పుట్టిన మగవాడు ఒకడు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవడానికి 2020 దాకా, డొమినిక్ థీమ్ దాకా, ఆగాల్సి వచ్చింది. దిమిత్రోవ్‌తో పాటు రావ్‌నిచ్, గోఫాన్ అందరూ ఆ గోడకే తలలు కొట్టుకున్నారు.

తొలి ఏళ్ల మీద నిజంగా విమర్శ రాయదలిస్తే కోచ్‌ల వరుస మీద రాయండి. 2009 నుంచి 2013 దాకా లుండ్‌గ్రెన్, పీటర్ మెక్‌నమారా, పాట్రిక్ మురాటోగ్లు, మికాయెల్ టిల్‌స్ట్రోమ్, ఆఖరికి రోజర్ రషీద్. ఒకరు నేర్పింది చేతికి అలవాటు కాకముందే ఇంకొకరు వచ్చేవారు. శరీరాన్ని గట్టిపరచడం మీద పట్టుబట్టిన రషీద్ దగ్గర రెండేళ్లు కూడా ఉండలేదు. అయినా అతని అత్యుత్తమ వింబుల్డన్ ఆ కొద్దికాలంలోనే వచ్చింది.