సూది గుచ్చుకున్న వేలు

సూది గుచ్చుకోగానే వేలు నోట్లో పెట్టుకుంటాం. బట్టలు కుట్టేటప్పుడు అమ్మ చేసిందీ అదే, మాల గుచ్చేటప్పుడు అమ్మమ్మ చేసిందీ అదే. ఆలోచించి చేసే పని కాదది. అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆస్పత్రి సిబ్బందికి ఇచ్చిన సూచనల్లో ఈ సంగతి ప్రత్యేకంగా రాసింది. గుచ్చుకున్న వేలిని అలవాటు కొద్దీ నోట్లో పెట్టుకోవద్దు, నొక్కి రక్తం పిండొద్దు, స్పిరిట్‌తో రుద్దొద్దు, సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద కడగండి అని. ఇంత చిన్న విషయం ఒక నర్సింగ్ విద్యార్థినికి ఎప్పుడు తెలుస్తోంది? వార్డుకు వెళ్లే ముందా, వేలు నోట్లో పెట్టుకున్న తర్వాతా?

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్ పద్ధతిలోకి మార్చింది. మైక్రోబయాలజీకి ఇన్ఫెక్షన్ నియంత్రణను, భద్రతను జోడించి ఒక పేపరుగా పెట్టింది. మంచి పనే. కానీ ఆ పేపరు వచ్చేది మూడో సెమిస్టర్లో. వార్డు పోస్టింగులు మొదటి సెమిస్టర్లోనే మొదలవుతాయి, మందులూ ఇంజెక్షన్లూ ఇవ్వడం రెండో సెమిస్టర్లో నేర్పుతారు. ఫౌండేషన్ క్లాసుల్లో చేతులు కడుక్కోవడం గురించి, చెత్త వేరుచేయడం గురించి చెబుతారు, కాదనడం లేదు. అయినా సిరంజి చేతికొచ్చాక కొన్ని నెలలకు గానీ దాని వెనకున్న ప్రమాదం పూర్తి పాఠంగా రాదు. ఈ వరుసను మళ్లీ చూడాలని మా అభిప్రాయం.

విద్యార్థుల్లో అవగాహన లేదనే మాట తరచూ వినపడుతుంది. నర్సింగ్ కాలేజీల లైబ్రరీల్లో ఈ అంశం మీద బైండు చేసిన ప్రాజెక్టు రిపోర్టులు బీరువాల కొద్దీ ఉంటాయి. ముందు ఒక ప్రశ్నపత్రం, తర్వాత గంటసేపు పాఠం, మళ్లీ అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి. పెరక్కేం చేస్తాయి? ఆ మార్కులతో మాకు పేచీ లేదు. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన అయిదు సందర్భాలూ చెప్పమంటే ఏ విద్యార్థినైనా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది: రోగిని తాకే ముందు, శుభ్రమైన ప్రొసీజర్ ముందు, రక్తం లాంటివి అంటుకునే అవకాశం ఉన్న పని తర్వాత, రోగిని తాకాక, మంచం చుట్టూ ఉన్న వస్తువులు తాకాక. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు అని కూడా చెబుతుంది. ఆ తర్వాత వార్డులోకి వెళ్తుంది. ఒక్క సింకు, అదీ వార్డు ఆ చివర. సబ్బు ఉంటే నీళ్లుండవు, నీళ్లుంటే సబ్బుండదు. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు గారు నాలుగు మంచాలు తిరిగినా చేయి కడగరు. సీనియర్ సిస్టర్ ఒంటిచేత్తో ముప్పై మందిని చూసుకుంటూ, హడావుడిలో వాడిన సూదికి మళ్లీ మూత పెడుతుంది. మూత పెట్టకూడదని పుస్తకం చెప్పింది. కానీ అమ్మాయి పని నేర్చుకునేది సిస్టర్ చేతుల్ని చూసి.

ఇక టీకా సంగతి. కాలేయాన్ని దెబ్బతీసి కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, టీకా లేనివారికి అది సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. అదే హెచ్‌ఐవీ అయితే 0.3 శాతం, అంటే వెయ్యిలో మూడు. మన ఆస్పత్రుల్లో భయం మాత్రం తలకిందులుగా ఉంటుంది. హెచ్‌ఐవీ రోగి మంచం దగ్గరికి వెళ్లాలంటే రెండు జతల గ్లౌజులు అడుగుతారు, కామెర్ల రోగి దగ్గర ఒట్టి చేతులతో రక్తం తీస్తారు. పైగా హెపటైటిస్-బికి మంచి టీకా ఉంది, హెచ్‌ఐవీకి లేదు.

పిల్లలకు వేసే ఉచిత టీకాల్లో హెపటైటిస్-బి దేశమంతటికీ చేరింది 2011 నుంచే. కొన్ని రాష్ట్రాల్లో, నగరాల్లో అంతకు కొన్నేళ్ల ముందు మొదలైంది. ఇవాళ నర్సింగ్ చదువుతున్న వాళ్లంతా 2011కి ముందు పుట్టినవాళ్లే. చిన్నప్పుడు అన్ని టీకాలూ వేయించామని తల్లిదండ్రులు నిజాయితీగానే చెబుతారు. ఆ అన్నిట్లో ఇది ఉందో లేదో కార్డు చూస్తే గానీ తెలియదు. కార్డు ఏ ట్రంకుపెట్టె అడుగున ఉందో ఎవరికీ గుర్తుండదు.

పెద్దలకు ఈ టీకా మూడు డోసులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చివరి డోసు వేసిన నెల, రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చూసే టైటర్ పరీక్ష చేయాలి. అది 10 దాటితే నిశ్చింత, దాటకపోతే మళ్లీ టీకాలు. అడ్మిషన్ రోజునే మొదటి డోసు వేస్తే ఇంజెక్షన్లు ఇచ్చే రెండో సెమిస్టర్ నాటికి కోర్సు పూర్తవుతుంది. ఒక ఏడాది ఆలస్యం చేస్తే రక్షణ లేని చేతులతోనే ఆ పిల్ల వార్డులో తిరగాలి.

ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు, చట్టం చెప్పిన పని. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, వ్యర్థాలను ముట్టుకునే ఆరోగ్య సిబ్బందికీ ఇతరులకూ హెపటైటిస్-బి, ధనుర్వాతం వంటి వ్యాధుల నుంచి రక్షణగా టీకాలు వేయించాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. ఉద్యోగంలో చేరినప్పుడు, ఆ తర్వాత ఏటా కనీసం ఒకసారి శిక్షణ ఇవ్వాలి. వాడిన సూదిని తెల్ల డబ్బాలో, సెలైన్ ఎక్కించే ఐవీ సెట్టును ఎర్ర సంచిలో, నెత్తుటి దూదిని పసుపు సంచిలో పొద్దస్తమానం వేస్తున్నది నర్సింగ్ విద్యార్థులే కదా. ‘ఇతరులు’ అన్న మాటలోకి వాళ్లు రాకపోతే ఇంకెవరు వస్తారు? కానీ అడిగితే ఆస్పత్రి ‘వాళ్లు మా స్టాఫ్ కాదు, కాలేజీ చూసుకోవాలి’ అంటుంది. కాలేజీ ‘పోస్టింగ్ ఆస్పత్రిలో కాబట్టి వాళ్లే ఇవ్వాలి’ అంటుంది. డ్యూటీ చార్టులో మాత్రం విద్యార్థి పేరు ఠంచనుగా ఉంటుంది. స్టాఫ్ కొరత ఉన్నచోట్ల నైట్ డ్యూటీలకూ ఆ పేరే పనికొస్తుంది.

గల్ఫ్‌కు వెళ్లాలనుకునే అమ్మాయిలకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. అక్కడి వీసా వైద్య పరీక్షల్లో హెపటైటిస్-బి చూస్తారు. పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. పంతొమ్మిదేళ్లప్పుడు గుచ్చుకున్న సూది, ఇంటి అప్పు తీర్చడానికి ఎంచుకున్న దారిని పాతికేళ్ల వయసులో మూసేయగలదు.

క్షయ మరో రకం. అది సూదితో రాదు, గాలిలో వస్తుంది. ప్రపంచంలోని టీబీ కేసుల్లో సుమారు నాలుగోవంతు మన దేశంలోనివే. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు నర్సింగ్ విద్యార్థులను పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి 7.8 శాతం మందికి కొత్తగా టీబీ ఇన్ఫెక్షన్ సోకే ముప్పు ఉందని తేలింది. దేశంలో సగటుగా అనుకునే 1.5 శాతానికి అది అయిదు రెట్లు. ఇన్ఫెక్షన్ సోకిన వాళ్లందరికీ జబ్బు రాదు. కానీ హాస్టల్ తిండి, నిద్రలేని డ్యూటీలు ఆ లెక్కకు కలిసొచ్చేవేమీ కావు. ఇక్కడ కూడా చిన్న తేడా దగ్గరే పొరపాటు జరుగుతోంది. మామూలు సర్జికల్ మాస్కు దగ్గే రోగికి పెట్టాలి, ఎన్-95 నర్సు పెట్టుకోవాలి. చాలాచోట్ల విద్యార్థి మొహానికి ఉండేది సర్జికల్ మాస్కు, రోగి మొహానికి ఏమీ ఉండదు. ఎత్తయిన పైకప్పు, ఎదురెదురు కిటికీలు ఉన్న పాతకాలం వార్డులే ఈ విషయంలో నయం. తలుపులు బిగించి ఏసీ పెట్టిన కొత్త గదుల్లో గాలి అక్కడక్కడే తిరుగుతుంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని పాతవాళ్లు ఇప్పటికీ ‘కోరంటి దవాఖానా’ అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో అలా నలిగింది. రోగిని విడిగా ఉంచాలన్న సంగతి ఊరి పేరంత మామూలైపోయిన చోట, నర్సుకు సరైన మాస్కు ఇవ్వడం ఇంకా మామూలు కాలేదు.

2018 మే నెలలో కేరళలోని పేరాంబ్ర తాలూకా ఆస్పత్రిలో నర్సు లినీ పుతుస్సేరి ఒక జ్వరం రోగికి సేవ చేసింది. అది ప్రాణాంతకమైన నిపా వైరస్ జ్వరం అని అప్పటికి ఎవరికీ తెలియదు. మే 21న ఆమె చనిపోయింది. చనిపోయే ముందు భర్తకు రాసిన ఉత్తరం చదివి దేశం కన్నీళ్లు పెట్టుకుంది. నర్సింగ్ విద్యార్థులకు ఆమె త్యాగం గురించి చెబుతున్నాం. వాళ్లకు అంతకన్నా ముందు చెప్పాల్సింది, రోగానికి పేరు పెట్టేలోపే నర్సు దాని ఎదురుగా నిలబడుతుందని. రిపోర్టు వచ్చాక జాగ్రత్తపడదాం అనుకునే వీలు ఆమెకు లేదు. ప్రతి రోగి దగ్గరా ఒకే జాగ్రత్త అనే నియమం అందుకే పుట్టింది.

ఇక గుచ్చుకున్న తర్వాత ఏం జరుగుతుంది? సాధారణంగా ఏమీ జరగదు, ఎందుకంటే అమ్మాయి ఎవరికీ చెప్పదు. ట్యూటర్ తిడుతుందని టెన్షన్, ఇంటర్నల్ మార్కులు పోతాయని భయం, హాస్టల్లో తెలిస్తే పక్కమంచం అమ్మాయి దూరం జరుగుతుందన్న బెంగ. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు వీలైతే 2 గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఫలితం లేదు. 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీకి మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో దొరుకుతాయి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న మొదటి ఏడాది విద్యార్థిని ఆ రెండు గంటల్లో ఎవరిని లేపాలి? ఎక్కడికి వెళ్లాలి? గుచ్చుకోవడాన్ని తప్పుగా కాకుండా ప్రమాదంగా రాసుకునే రిజిస్టరు ఉండాలి. చెప్పినందుకు ఎవరి మార్కులూ తగ్గవని ప్రిన్సిపాల్ స్వయంగా ప్రకటించాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలనూ నర్సింగ్ కౌన్సిళ్లనూ మేం కోరేది ఎక్కువేమీ కాదు. కాలేజీల తనిఖీకి వచ్చినప్పుడు ల్యాబ్ బొమ్మలను, లైబ్రరీ పుస్తకాలను లెక్కపెడుతున్నారు. దాంతోపాటు విద్యార్థుల టీకా రిజిస్టరు, టైటర్ ఫలితాలు చూడండి. గడిచిన ఏడాది ఎన్ని సూదులు గుచ్చుకున్నాయో అడగండి. ‘సున్నా’ అని సమాధానం వస్తే ఆ కాలేజీని ఇంకాస్త గట్టిగా తనిఖీ చేయండి. పోస్టింగ్ ఇచ్చే ఆస్పత్రి వార్డులోకి వెళ్లి కుళాయి తిప్పి చూడండి. యూనిఫాంకు, తెల్లబూట్లకు, దీపం వెలిగించే వేడుకకు డబ్బు కట్టించుకునే యాజమాన్యాలు మూడు డోసుల టీకా దగ్గర ఖర్చని వెనక్కి తగ్గితే ఒప్పుకోవద్దు. విద్యార్థిని మెడలో వేలాడే గుర్తింపు కార్డు వెనకవైపు ఎలాగూ ఖాళీగానే ఉంటోంది. అక్కడ టీకా తేదీలు, టైటర్ అంకె, దగ్గర్లోని ఏఆర్‌టీ కేంద్రం ఫోన్ నంబరు అచ్చు వేయించండి.