రెండు రాష్ట్రాల లీగ్

ఆస్ట్రేలియా గ్రామీణ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట) లీగ్‌ల చరిత్ర మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ ఓవెన్స్ అండ్ మర్రీ లీగ్‌ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. 1893లో మొదలైన లీగ్ అది. మర్రీ నదికి అటు న్యూ సౌత్ వేల్స్, ఇటు విక్టోరియా. విక్టోరియా వైపున్న వొడోంగా వాళ్లు వంతెన దాటితే చాలు, ఆల్బరీతో ఆట! కరోనా రోజుల్లో ఆ సరిహద్దునే మూసేశారు, 2020 సీజన్ మొత్తం రద్దయింది.

బాబ్ రోజ్ గురించి రాయకపోవడం మాత్రం అన్యాయం. మెల్‌బోర్న్‌లోని పెద్ద క్లబ్బు కాలింగ్‌వుడ్‌లో అంత పేరున్న ఆటగాడు 1956లో ఈ లీగ్‌లోని వాంగరాటా రోవర్స్‌కి కెప్టెన్-కోచ్‌గా వచ్చాడు. 1958, 1960 రెండేళ్లూ కప్పు వాళ్లదే, ఉత్తమ ఆటగాడికిచ్చే మోరిస్ మెడల్ కూడా ఆ రెండేళ్లూ అతనిదే. పెద్ద క్లబ్బులో వెలుగుతున్నవాడు పల్లె జట్టుకి రావడం ఇప్పుడు ఊహించగలమా? అప్పట్లో కోచ్‌గా వెళ్తే పల్లెల్లోనే ఎక్కువ డబ్బు దొరికేది మరి.

డబ్బు గొడవ ఇప్పటికీ పోలేదు. ఆటగాళ్లకిచ్చే జీతాల పరిమితి దాటారని వాంగరాటా జట్టు (రోవర్స్ కాదు, అదే ఊరి మరో క్లబ్బు) 2022లో గెలిచిన కప్పును తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఇంకోవైపు ఆటగాళ్లే దొరకని క్లబ్బులు. నదికి చెరోవైపున్న కొరోవా, రుథర్‌గ్లెన్ క్లబ్బులు 1979లో ఒక్కటయ్యాయి. అలా కలిసిన జట్టు కూడా 2023లో బరిలోకి దిగలేకపోయింది.

అన్నట్టు, వ్యాసంలో ఆడవాళ్ల నెట్‌బాల్ (బాస్కెట్‌బాల్ లాంటి ఆట) ఊసే లేదేంటి? ఫుట్‌బాల్ మ్యాచ్ రోజే, పక్క కోర్టులోనే కదా ఆడేది!